శ్వాసకోశ వైరస్‌లపై శ్లేష్మ యాంటీబాడీలను కొలవడానికి ఏ నమూనా, ఏ పరీక్ష ఎంచుకోవాలి?

రక్తంలోని యాంటీబాడీలను కొలిచేవారికి ఒక ధీమా ఉంటుంది. ఎవరి చేతి నుంచి తీసినా ఒక మిల్లీలీటరు సీరం అంటే ఒక మిల్లీలీటరు సీరమే. ముక్కులోంచో నోట్లోంచో తీసిన ద్రవంతో పనిచేసేవారికి ఆ ధీమా లేదు. గొట్టంలో ఉన్నదానిలో అసలు స్రావం ఎంత, మనం పోసిన సెలైన్ ఎంత, చిగుళ్ల నుంచి ఊరిన ద్రవం ఎంత అన్నది తెలియకపోయినా ఎలీసా (చిన్న గుంటలున్న ప్లేటులో యాంటీబాడీని కొలిచే పరీక్ష) ప్లేటు మాత్రం ఒక అంకె ఇచ్చేస్తుంది. అది చూడటానికి సీరం అంకెలాగే ఉంటుంది కనుక మనం దాన్ని అలాగే నమ్మేస్తాం. ఈ రంగంలో ఒక అధ్యయనం ఫలితానికీ మరో అధ్యయనం ఫలితానికీ పొంతన కుదరకపోవడానికి పరీక్షల్లోని తేడాల కంటే నమూనా సేకరణలోని తేడాలే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ ముందు నమూనాలను, ఆ తర్వాతే పరీక్షలను పోల్చి చూస్తున్నాను.

శ్లేష్మ యాంటీబాడీలు అంటే ముక్కు, నోరు, శ్వాసమార్గాల లోపలి తడి పొర మీది స్రావాల్లో ఉండేవి. వాటిలో ముఖ్యమైనది సెక్రెటరీ ఐజీఏ. ఐజీఏ అనేది యాంటీబాడీల్లో ఒక రకం. రక్తంలో తిరిగే ఐజీఏ చాలా వరకు ఒంటరి అణువుగా ఉంటుంది. శ్లేష్మ పొర కింద ఉన్న ప్లాస్మా కణాలు తయారుచేసే ఐజీఏలో మాత్రం రెండు అణువులు జె గొలుసు అనే చిన్న ప్రొటీన్‌తో జతకడతాయి. ఆ జంటను పైపొర కణాల మీది గ్రాహకం ఒకటి పట్టుకుని, కణం గుండా ఇవతలికి మోసుకొచ్చి, తనలోని ఒక ముక్కను దానికే వదిలేస్తుంది. ఆ ముక్కనే సెక్రెటరీ కాంపోనెంట్ అంటారు. ఈ నిర్మాణానికి ఆచరణలో విలువ ఉంది. కొవిడ్ వైరస్‌పై 2021లో ప్రచురితమైన ఒక పరిశోధనలో జంటగా ఉన్న ఐజీఏ, అదే లక్ష్యంపై పనిచేసే ఒంటరి ఐజీఏ కంటే సగటున 15 రెట్లు సమర్థంగా వైరస్‌ను అడ్డుకుంది. ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్‌ను ఆరోగ్యవంతులైన వాలంటీర్ల ముక్కులో వేసి చూసిన అధ్యయనంలోనూ, ఇన్ఫెక్షన్ సోకకుండా ఉండటంతో సీరం యాంటీబాడీల కంటే ముక్కులోని ఐజీఏకే దగ్గరి సంబంధం కనిపించింది. కాబట్టి రక్తపరీక్షతో సరిపెట్టుకుని శ్లేష్మం గురించి ఊహించడం సరైన దారి కాదు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది మీ ప్రశ్న. టీకా తర్వాత ఒకే మనిషిలో యాంటీబాడీ పెరిగిందా అని చూడటం ఒక ప్రశ్న. ఒక జనసమూహంలో ఎంతమందికి ఇన్ఫెక్షన్ వచ్చి పోయిందో లెక్కించడం మరో ప్రశ్న. ఆ యాంటీబాడీ వైరస్‌ను నిజంగా ఆపుతుందా అన్నది మూడో ప్రశ్న; దీన్ని తేల్చే పరీక్షను న్యూట్రలైజేషన్ అంటారు. మొదటిదానికి పలుచన ఎంతో తెలియాలి, రెండోదానికి వేల నమూనాలు సులువుగా రావాలి, మూడోదానికి నమూనా పరిమాణం కావాలి. ఈ మూడూ ఒకే పద్ధతిలో దొరకవు.

రెండోది పలుచన. దీని దగ్గర కాసేపు ఆగక తప్పదు. ఇద్దరు మనుషుల ముక్కు స్రావంలోనూ మిల్లీలీటరుకు 100 యూనిట్ల యాంటీబాడీ ఉందనుకుందాం. ఇద్దరి ముక్కులనూ 5 మిల్లీలీటర్ల ద్రవంతో కడిగాం. ఒకరి నుంచి 0.1 మిల్లీలీటరు స్రావం కలిసి వచ్చింది, రెండోవారి నుంచి 0.05 మాత్రమే వచ్చింది. పరీక్షలో మొదటివారికి దాదాపు 2 యూనిట్లు, రెండోవారికి దాదాపు 1 యూనిట్ కనిపిస్తాయి. ఇద్దరి రక్షణా ఒకటే అయినా, కాగితం మీద ఒకరు మరొకరికి రెట్టింపు. ఇందులో పరీక్ష తప్పేమీ లేదు.

ఈ పలుచనను సవరించడానికి మూడు నాలుగు మార్గాలు వాడుకలో ఉన్నాయి. వైరస్‌పై ఐజీఏను నమూనాలోని మొత్తం ఐజీఏతో భాగించడం అన్నిటికంటే ప్రచారంలో ఉన్నది. మొత్తం ప్రొటీన్‌తోనో ఆల్బుమిన్ అనే రక్త ప్రొటీన్‌తోనో భాగించేవారూ ఉన్నారు. యూరియా పద్ధతి మరొకటి: యూరియా రక్తానికీ స్రావానికీ మధ్య స్వేచ్ఛగా పారాడుతుంది కాబట్టి, సీరంలో యూరియా ఎంత, కడిగిన ద్రవంలో ఎంత అని పోలిస్తే పలుచన తెలుస్తుంది. దీనికి అదే సమయంలో రక్తం కూడా తీయాలి. ఊపిరితిత్తులను కడిగి తీసే నమూనాలకు ఈ పద్ధతి బాగా అలవాటైనది. ఏదీ మచ్చలేనిది కాదు. మొత్తం ఐజీఏ సహజంగానే తక్కువగా ఉన్న మనిషిలో ఆ భాగహారం కొద్దిపాటి ప్రత్యేక ఐజీఏను కూడా గొప్పగా చూపిస్తుంది. జలుబుతో ముక్కు వాచి ఉంటే రక్తం నుంచి ఆల్బుమిన్ ఊరి, హారమే మారిపోతుంది. అందువల్ల సవరించని అంకెనూ సవరించిన అంకెనూ పక్కపక్కనే ఇవ్వమని నేను గట్టిగా చెబుతాను. రెండూ ఒకే దిశలో నడిస్తే నమ్మవచ్చు. విరుద్ధంగా నడిస్తే ముందు నమూనానే అనుమానించాలి.

మూడోది, ఆ యాంటీబాడీ ఎక్కడినుంచి వచ్చింది అన్నది. లాలాజలంలోని ఐజీఏ ఎక్కువగా లాలాజల గ్రంథులు స్రవించేది. అందులోని ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) ఎక్కువగా చిగుళ్ల సందుల నుంచి, అంటే రక్తం నుంచి ఊరి వచ్చేది. ఊపిరితిత్తుల లోతుల్లోనూ రక్తం నుంచి వచ్చిన ఐజీజీదే పైచేయి. కండరానికి ఇచ్చిన టీకా తర్వాత ముక్కులో ఐజీజీ కనిపించినంత మాత్రాన శ్లేష్మ పొరే స్పందించిందని చెప్పలేం.

ఇక ఖర్చు, సిబ్బంది శిక్షణ, నమూనా ఇచ్చేవారి ఓర్పు, ఫ్రీజర్ దూరం ఎవరికి వారే లెక్కవేసుకోగలరు.

## నమూనాల పోలిక

| నమూనా | పలుచన తెలుస్తుందా | దొరికే పరిమాణం | ఇచ్చేవారికి ఇబ్బంది | దేనికి తగినది |
|---|---|---|---|---|
| ముక్కు కడిగిన ద్రవం | తెలియదు, సవరణ తప్పనిసరి | ఎక్కువ, కొన్ని మిల్లీలీటర్లు | మధ్యస్థం | న్యూట్రలైజేషన్, పలు పరీక్షలు |
| ముక్కులో పీల్చే పట్టీ | బరువు తూచితే తెలుస్తుంది | తక్కువ, మైక్రోలీటర్లలో | తక్కువ | పదేపదే తీసే టీకా అధ్యయనాలు |
| ముక్కు స్వాబ్ | దాదాపు తెలియదు | తక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | వైరస్ పరీక్షతో కలిపి తీసేటప్పుడు |
| గొట్టంలోకి జారవిడిచిన లాలాజలం | పలుచన లేదు, ప్రవాహ వేగం నమోదు చేయాలి | ఎక్కువ | చాలా తక్కువ | పెద్ద సర్వేలు, ఇంటి వద్ద సేకరణ |
| చిగుళ్ల వద్ద రుద్దిన స్వాబ్ | పాక్షికంగా | తక్కువ | చాలా తక్కువ | ఐజీజీ ఆధారంగా గత ఇన్ఫెక్షన్ లెక్క |
| ఊపిరితిత్తులు కడిగిన ద్రవం | యూరియాతో అంచనా | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ | ఆసుపత్రి పరిశోధన మాత్రమే |

ముక్కు కడగడం పాత పద్ధతి. పాత సమాచారంతో పోల్చుకోవలసినవారికి ఇప్పటికీ ఇదే దిక్కు. తల వెనక్కి వాల్చి, మింగకుండా, అంగిలి వెనుక భాగాన్ని మూసి ఉంచి, ముక్కు రంధ్రంలో పోసిన సెలైన్‌ను కొన్ని సెకన్లు నిలిపి, తల ముందుకు వంచి కప్పులోకి వదలాలి. చదివినంత సులువుగా ఇది జరగదు. అంగిలి మూయడం చేతకానివారి గొంతులోకి సగం ద్రవం జారిపోతుంది, తిరిగి వచ్చిన పరిమాణం మనిషి మనిషికీ మారిపోతుంది. పోసినదెంతో, వచ్చినదెంతో రెండూ రాసుకోని నమూనాను నేను లెక్కలోకి తీసుకోను.

పీల్చే పట్టీ అంటే కృత్రిమ పదార్థంతో చేసిన సన్నని పట్టీ. దాన్ని ముక్కు లోపలి పక్కగోడ ఆనుకునేలా పెట్టి, బయటినుంచి వేలితో మెల్లగా అదిమి ఒక నిమిషం ఉంచితే, పొర మీది స్రావాన్ని పలుచన చేయకుండానే పీల్చుకుంటుంది. తర్వాత కొలిచిన బఫర్ ద్రవంలో నానబెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ద్రవాన్ని రాబట్టాలి. దీని బలమంతా తూకంలో ఉంది. పట్టీ ఉన్న గొట్టాన్ని వాడకముందూ తర్వాతా సున్నితపు త్రాసు మీద పెడితే, పెరిగిన ప్రతి మిల్లీగ్రామునూ దాదాపు ఒక మైక్రోలీటరు స్రావంగా లెక్కించవచ్చు. బఫర్ పరిమాణం మనకు ముందే తెలుసు కాబట్టి పలుచన సూటిగా వచ్చేస్తుంది. ఈ చిన్న తూకం పనిని బద్ధకించి వదిలేసే బృందాలను చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే పట్టీకి పెట్టిన ఖర్చులో సగం విలువ అక్కడే పోతుంది. లోపాలూ లేకపోలేదు. ముక్కు పొడిగా ఉన్నవారిలో స్రావం కొద్దిగానే వస్తుంది, పట్టీ రాసుకుని నెత్తుటి చార పడితే సీరం యాంటీబాడీలు కలిసిపోతాయి. ఎర్రగా కనిపించిన పట్టీని విడిగా గుర్తించాలి.

స్వాబ్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వైరస్ పరీక్ష కోసం ఎలాగూ తీస్తున్నారు కదా అని దాన్నే వాడుకోవచ్చు, కానీ తీసేవారి చేయి తీరు మారితే ఫలితమూ మారుతుంది. దూది స్వాబ్ మాత్రం వద్దు, దూదికి ఐజీఏ అంటుకుని కొలత చెడుతుంది. మధ్యలో స్వాబ్ రకం మార్చవలసి వస్తే, పాతదీ కొత్తదీ ఒకే మనుషుల మీద పక్కపక్కనే తీసి పోల్చిన తర్వాతే ముందుకు వెళ్లాలి.

లాలాజలం అన్నిటికంటే ఆకర్షణీయమైనది. నొప్పి లేదు, నర్సు అవసరం లేదు, మనిషి తానే గొట్టంలోకి జారవిడవవచ్చు. అయితే లాలాజలం వేగంగా ఊరితే అందులో ఐజీఏ గాఢత తగ్గుతుంది, నెమ్మదిగా ఊరితే పెరుగుతుంది. రోజులో వేళను బట్టి కూడా మారుతుంది. కాబట్టి ఒకే వేళకు, నిర్ణీత నిమిషాలపాటు సేకరించి, గాఢతను ప్రవాహ వేగంతో గుణించి నిమిషానికి ఎంత స్రవించిందో చెప్పడం మంచి పద్ధతి. తిన్న వెంటనే, పళ్లు తోముకున్న వెంటనే తీయకూడదు, చిగుళ్ల రక్తం కలిస్తే ఐజీజీ లెక్క పాడవుతుంది. రక్తం కలిసిందేమో తేల్చుకోవడానికి ట్రాన్స్‌ఫెరిన్ అనే రక్త ప్రొటీన్‌ను కొలిచి చూడవచ్చు. ప్రయోగశాలలో దీన్ని మొదటిసారి పట్టుకున్నవారికి మరో సంగతి అనుభవంలోకి వస్తుంది. పిపెట్ కొన పైకెత్తగానే తీగలా సాగుతుంది, తెగదు, గుంటలో పడవలసిన 50 మైక్రోలీటర్లలో కొంత కొనకే వేలాడుతుంది. ఒకసారి గడ్డకట్టించి, కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఆ జిగురుకు కారణమైన మ్యూసిన్లు అడుక్కి చేరి పైన తేట మిగులుతుంది. ఆ తేటనే వాడాలి, అన్ని నమూనాలకూ అలాగే చేయాలి.

ఇంతకీ నోరు ముక్కుకు ప్రతినిధి అవుతుందా? జనసమూహం స్థాయిలో కొంతవరకు అవుతుంది, ఒక్కో మనిషి స్థాయిలో నమ్మకంగా చెప్పలేం. వైరస్ మొదట దిగేది ముక్కులో అయినప్పుడు, రక్షణకు గుర్తు వెతికే అధ్యయనం లాలాజలంతో సరిపెట్టుకోకూడదన్నది నా మాట.

ఊపిరితిత్తులు కడిగిన ద్రవానికి బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టాన్ని శ్వాసనాళంలోకి దింపి చూసే పరీక్ష) కావాలి. వేరే వైద్య కారణంతో ఆ పరీక్ష జరుగుతున్నవారిలోనో, అన్ని అనుమతులతో ముందుకొచ్చిన వాలంటీర్లలోనో మాత్రమే దీన్ని ఆలోచించాలి.

సేకరణ తర్వాతి జాగ్రత్తలు అన్నిటికీ ఒకటే. వెంటనే మంచులో పెట్టాలి, అదే రోజు చిన్న భాగాలుగా చేసి మైనస్ 80 డిగ్రీలలో దాచాలి. నోట్లోనూ గొంతులోనూ ఉండే కొన్ని బ్యాక్టీరియాలు ఐజీఏలో ఒక ఉపరకమైన ఐజీఏ1ను దాని మధ్యభాగంలో కత్తిరించే ఎంజైమును తయారుచేస్తాయి, గది వేడిలో వదిలేసిన నమూనా తనను తానే అరగదీసుకుంటుంది.

## పరీక్షల పోలిక

బంధన పరీక్షలు, అంటే యాంటీబాడీ వైరస్ ప్రొటీన్‌కు అంటుకోవడాన్ని కొలిచేవి. ఎలీసా అందరికీ అందుబాటులో ఉన్నది, చవకైనది. కానీ సీరం కోసం తయారైన కిట్‌ను అలాగే తెచ్చి లాలాజలంలో వాడితే పనిచేస్తుందని అనుకోకూడదు. ముందు రెండు పరీక్షలు చేసి చూడాలి. యాంటీబాడీ లేని నమూనాలో తెలిసినంత యాంటీబాడీ కలిపి, అది పూర్తిగా తిరిగి కనిపిస్తుందో లేదో చూడటం మొదటిది. ఒకే నమూనాను పలు స్థాయుల్లో పలుచన చేసి, అంకెలు అదే నిష్పత్తిలో తగ్గుతున్నాయా అని చూడటం రెండోది. ఈ రెండింటిలో తప్పిన కిట్‌తో వచ్చిన అంకెలను ప్రచురించకపోవడమే మేలు.

గుర్తించే యాంటీబాడీ ఎంపిక ఇంకా ముఖ్యం. ఐజీఏను గుర్తించే సాధారణ యాంటీబాడీ రక్తం నుంచి ఊరిన ఐజీఏను కూడా పట్టేస్తుంది. సెక్రెటరీ కాంపోనెంట్‌ను గుర్తించేదాన్ని వాడితే, శ్లేష్మ పొర స్వయంగా స్రవించినదే కనిపిస్తుంది. విడిగా తిరిగే సెక్రెటరీ కాంపోనెంట్ కూడా స్రావాల్లో ఉంటుంది గానీ, ప్లేటు మీద వైరస్ ప్రొటీన్ ఉన్నప్పుడు అది అంటుకోకుండా కడుగులో పోతుంది. అలాగే ఐజీజీ బాగా ఎక్కువగా ఉన్న నమూనాలో అది వైరస్ ప్రొటీన్ మీది చోటును ఆక్రమించి ఐజీఏను తక్కువ చేసి చూపించవచ్చు.

ప్లేటుకు పూసే ప్రొటీన్ కూడా ఆలోచించి ఎంచుకోవలసినదే. కొవిడ్ వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్‌లో, మన కణాల మీది గ్రాహకాన్ని పట్టుకునే భాగం, మామూలు జలుబు కరోనా వైరస్‌లతో అంతగా పోలిక లేనిది. మొత్తం స్పైక్ వాడితే పాత జలుబుల జ్ఞాపకం కూడా కొంత కలుస్తుంది. ఆర్‌ఎస్‌వీలో కణంతో కలవకముందున్న రూపంలోని ఎఫ్ ప్రొటీన్‌పై వచ్చే యాంటీబాడీలే వైరస్‌ను బలంగా అడ్డుకుంటాయి కాబట్టి ఆ రూపాన్నే వాడాలి. ఇన్‌ఫ్లుయెంజా అయితే పెద్దవారందరికీ ఏదో ఒకప్పుడు సోకినదే, అక్కడ ఉందా లేదా అన్న ప్రశ్నకు అర్థం లేదు, మునుపటికంటే పెరిగిందా అన్నదే ప్రశ్న.

బహుళ పరీక్షలు. రంగుల పూసలతోనో, విద్యుత్ కాంతి పద్ధతితోనో ఒకే గుంటలో పది వైరస్ ప్రొటీన్లపై ఒకేసారి కొలవవచ్చు. పట్టీ నుంచి వచ్చే కొద్దిపాటి ద్రవాన్ని ఎలీసాలో ఒక్కో ప్రొటీన్‌కు కొంత చొప్పున ఖర్చుచేస్తే మూడో పరీక్షకే అయిపోతుంది. పట్టీ ఎంచుకున్నవారికి ఇది దాదాపు సహజమైన జోడి. యంత్రం ఖరీదు మాత్రం చిన్న ప్రయోగశాలకు భారమే.

గ్రాహకాన్ని అడ్డుకునే పరీక్ష. బతికిన వైరస్ లేకుండా, స్పైక్ ప్రొటీన్ ఏసీఈ2కు (మన కణాల మీద కొవిడ్ వైరస్ పట్టుకునే గ్రాహకం) అంటుకోవడాన్ని నమూనా ఎంతవరకు ఆపుతుందో చూస్తుంది. ఉన్నత స్థాయి భద్రతా గది అక్కర్లేదు. అయితే కొవిడ్ వైరస్ వంటి, గ్రాహకం స్పష్టంగా తెలిసిన వైరస్‌లకే ఇది నప్పుతుంది, ఆ ఒక్క చోట కాక మరోచోట పనిచేసే యాంటీబాడీలు ఇందులో కనిపించవు.

న్యూట్రలైజేషన్. ప్రయోగశాలలో పెంచిన కణాలకు వైరస్ సోకకుండా నమూనా ఆపుతుందా అని చూస్తుంది. యాంటీబాడీ పనితనాన్ని సూటిగా చూపేది ఇదే, శ్లేష్మంతో చేయడానికి అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. నమూనాలోని బ్యాక్టీరియా ఆ పెంచిన కణాలను చంపుతుంది, స్రావమే కొన్నిసార్లు కణాలకు విషంగా మారుతుంది. వైరస్‌ను చంపడానికి డిటర్జెంట్ కలిపిన నమూనా దీనికి అసలే పనికిరాదు, కాబట్టి కొంత భాగాన్ని ముందే విడిగా దాచాలి. పైగా స్రావాల్లో సహజంగానే ఉండే లాక్టోఫెరిన్, డిఫెన్సిన్లు, మ్యూసిన్లు తమంతట తామే వైరస్‌ను అడ్డుకోగలవు. అడ్డుకున్నది యాంటీబాడీయేనని నిరూపించాలంటే, నమూనా నుంచి ఐజీఏను తొలగించి మళ్లీ పరీక్షించాలి. శక్తి పోతే అది ఐజీఏదే. బతికిన కొవిడ్ వైరస్‌తో చేయాలంటే మూడో స్థాయి భద్రతా ప్రయోగశాల కావాలి, నకిలీ వైరస్‌తో (స్పైక్ ప్రొటీన్‌ను తొడిగిన హానిలేని వైరస్) అయితే రెండో స్థాయి చాలు.

ఇన్‌ఫ్లుయెంజా సీరంకు వాడే హీమాగ్లూటినేషన్ నిరోధక పరీక్ష (వైరస్ ఎర్ర రక్తకణాలను గుమిగూర్చకుండా యాంటీబాడీ ఆపుతుందా అని చూసేది) శ్లేష్మానికి నప్పదు. మ్యూసిన్లలోని సియాలిక్ ఆమ్లం వైరస్‌కు ఎరలా పనిచేసి తప్పుడు నిరోధం చూపిస్తుంది. సీరంలో 1:40 టైటర్‌ను, అంటే సీరంను నలభై రెట్లు పలుచన చేసినా వైరస్‌ను ఆపగల స్థాయిని, దాదాపు సగం మందికి రక్షణ ఇచ్చే మెట్టుగా భావిస్తారు, ముక్కు స్రావానికి అలా అందరూ ఒప్పుకున్న మెట్టు లేదు. కొవిడ్ యాంటీబాడీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో ఖరారుచేసిన మొదటి అంతర్జాతీయ ప్రమాణం కూడా, కోలుకున్నవారి ప్లాస్మా నుంచి తయారైనదే. దాని యూనిట్లలో లాలాజల ఐజీఏను చెప్పడం తగదు.

## ఎవరికి ఏది

ముక్కులో వేసే టీకాను పరీక్షించే బృందానికి నా సలహా స్పష్టం: తూచిన పట్టీ, బహుళ బంధన పరీక్ష, సెక్రెటరీ కాంపోనెంట్‌తో గుర్తింపు. న్యూట్రలైజేషన్ కోసం అందరి నుంచీ కాక, ఎంపిక చేసిన కొద్దిమంది నుంచి ముక్కు కడిగిన ద్రవం తీయండి. ఒకే రోజు ఒకే మనిషి నుంచి రెండూ తీసేటట్లయితే పట్టీ ముందు, కడగడం తర్వాత. సీరం కూడా తప్పక తీయండి. ముక్కు ద్వారా ఇచ్చే సజీవ ఇన్‌ఫ్లుయెంజా టీకా సీరం టైటర్‌ను పెద్దగా పెంచకుండానే రక్షణ ఇవ్వగలదు, రెండు చోట్లా కొలిస్తేనే ఆ తేడా బయటపడుతుంది.

వేలమందిలో గత ఇన్ఫెక్షన్ లెక్కించేవారికి లాలాజలమో చిగుళ్ల స్వాబో చాలు, ఐజీజీ మీద ఆధారపడండి. ఐజీఏ త్వరగా తగ్గిపోవచ్చు కాబట్టి, నెలల క్రితం సోకినవారిని అది ఒక్కటే పట్టుకోలేదు.

యంత్రాలు లేని చిన్న ప్రయోగశాల నిరుత్సాహపడనక్కర్లేదు. నిర్ణీత వేళకు, నిర్ణీత నిమిషాలపాటు తీసిన లాలాజలం, శ్రద్ధగా సరిచూసుకున్న ఎలీసా, మొత్తం ఐజీఏ కొలత: ఈ మూడింటితో విలువైన పని చేయవచ్చు. సరిచూడని ఖరీదైన యంత్రం ఇచ్చే అంకెల కంటే ఇవి నమ్మదగినవి.

పసిపిల్లలతో పనిచేసేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. తల్లిపాలలో సెక్రెటరీ ఐజీఏ సమృద్ధిగా ఉంటుంది. పాలు తాగిన కొద్దిసేపటికి బిడ్డ నోటి నుంచి తీసిన నమూనాలో తల్లి యాంటీబాడీయే కనిపిస్తుంది, దాన్ని బిడ్డ స్పందనగా రాయడం పెద్ద పొరపాటు. వృద్ధుల్లో సమస్య వేరు: కొన్ని మందుల వల్ల నోరు ఎండిపోయి లాలాజలం చాలినంత రాదు, అక్కడ ముక్కు పట్టీయే మెరుగు.

తమకు రక్షణ ఉందో లేదో తెలుసుకోవాలని పరీక్ష చేయించుకోదలచిన మామూలు పాఠకులకు ఒక మాట. శ్లేష్మ ఐజీఏ ఎక్కువగా ఉన్న సమూహాల్లో ఇన్ఫెక్షన్ తక్కువగా కనిపించిన మాట నిజమే. 2022లో స్వీడన్ ఆరోగ్య కార్యకర్తల్లో ఒమిక్రాన్‌పై చేసిన అధ్యయనం అలాంటిదే. కానీ అది సమూహాల పోలిక. ఒక్క మనిషి ఒక్క రోజు ఇచ్చిన నమూనాలోని అంకెను చూసి టీకా వాయిదా వేయడానికో, జాగ్రత్తలు మానడానికో ఆధారం లేదు. అలాంటి నిర్ణయం కోసమైతే ఈ పరీక్షలు ఏవీ ఎంచుకోకండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, మొదటి నమూనాను టీకా లేదా ఇన్ఫెక్షన్‌కు ముందే, వీలైతే కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు తీయండి. ఏమీ జరగకపోయినా ఒకే మనిషిలో అంకె ఎంత ఊగుతుందో ఆ రెండు నమూనాలు చెబుతాయి. తర్వాత కనిపించే పెరుగుదల ఆ ఊగు కంటే పెద్దదైతేనే దాన్ని స్పందన అనాలి. ఒక మనిషి నమూనాలన్నిటినీ, మొదటిదాని నుంచి చివరిదాని వరకు, ఒకే రోజు ఒకే ప్లేటు మీద పెట్టండి.